ఇంటి కంప్యూటరు - తెలుగు అక్షరం

పాఠ్యాంశ ఉద్దేశం

కంప్యూటరు నేడు కార్యాలయాలకు, ప్రయోగశాలలకు మాత్రమే పరిమితమైన యంత్రం కాదు. ఇంటింటా చేరిన ఉపకరణం. దానిని వాడేవారికి నిత్యం ఎన్నో సందేహాలు కలుగుతుంటాయి. తెలుగులో రాసేటప్పుడు, చదివేటప్పుడు ఎదురయ్యే చిక్కులు వాటిలో ముఖ్యమైనవి. ఆ చిక్కులకు కారణాలను, పరిష్కారాలను వివరించడం, రాసినదానిని పదికాలాలపాటు భద్రపరచుకొనే పద్ధతులను తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

భావానికి భాష రూపాన్నిస్తే, భాషకు లిపి స్థిరత్వాన్ని ఇచ్చింది. తెలుగు లిపి శిలలపై చెక్కబడింది, రాగిరేకులపై మలచబడింది, తాటాకులపై గంటంతో గీయబడింది, కాగితంపై అచ్చయింది. లేఖన సాధనం మారిన ప్రతిసారీ రాసేవారికి కొత్త అభ్యాసం అవసరమైంది. అక్షరం ఆకృతిలోనూ కొంత మార్పు వచ్చింది. తాటాకుపై పొడవైన అడ్డగీతలు గీస్తే ఆకు చీలిపోతుంది కనుక, దక్షిణదేశ లిపులలో గుండ్రని రూపాలకు ప్రాధాన్యం కలిగిందని పండితులు చెబుతారు. ఈ పరంపరలో ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాలలో తెలుగు అక్షరం కంప్యూటరు తెర మీదికి చేరింది. ఈ మార్పు వెనుకటి మార్పుల వంటిదే అయినా, ఒక విషయంలో వాటికన్న భిన్నమైనది. రాతిమీది అక్షరం కంటికి కనబడేదే. కంప్యూటరులోని అక్షరం కంటికి కనబడదు. తెరపై కనబడేది దాని ప్రతిబింబం మాత్రమే.

హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారిపై ఉన్న పట్టణం సిద్దిపేట. 2016 వరకు మెదక్ జిల్లాలో భాగంగా ఉండి, ఆ సంవత్సరం అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2000 తరువాతి సంవత్సరాలలో ఇటువంటి పట్టణాలలో మొదట డి.టి.పి. కేంద్రాలు, ఇంటర్నెట్ కేంద్రాలు వెలిశాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కవితా సంపుటాలు అక్కడే అక్షరరూపం దాల్చేవి. ఆ తరువాత కంప్యూటరు క్రమంగా ఇళ్లలోకి వచ్చింది. దానితోపాటే ప్రశ్నలూ వచ్చాయి.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. ఆ ఇంటి పెద్ద విశ్రాంత తెలుగు పండితుడు. తన గ్రామదేవతపై 108 పద్యాల శతకం రచించి, 2003లో ఒక డి.టి.పి. కేంద్రంలో టైపు చేయించి, సి.డి.లో పెట్టించుకొన్నాడు. చేతిరాత పుస్తకం చెదల పాలైంది. ఇన్నేళ్లకు, ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమరాలు ఆ సి.డి.లోని ఫైలును ఇంటి కంప్యూటరులో తెరిచింది. తెరనిండా ఆంగ్ల అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, అర్థంకాని గుర్తులు. ఆ పెద్దాయన కళ్లద్దాలు సరిచేసుకొని, "గిదేంది బిడ్డా! నేను రాసింది తెలుగు గద, గీ ఇంగిలీసు అచ్చరాలెట్ల వచ్చినయి? నా పద్యాలు పోయినట్టేనా?" అని అడిగాడు. ఈ ప్రశ్న ఆయనది మాత్రమే కాదు. తెలుగునాట ఎన్నో ఇళ్లలో వినబడిన ప్రశ్న. దీనికి సమాధానం చెప్పాలంటే అక్షరం కంప్యూటరులో ఏ రూపంలో నిలుస్తుందో ముందుగా గ్రహించాలి.

అక్షరం వెనుక అంకె

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. అంకెలు మాత్రమే తెలుసు. సిద్దిపేట నేతకారులు ప్రసిద్ధమైన గొల్లభామ చీరపై కుండ మోసే స్త్రీ రూపాన్ని పోగులు లెక్కించి నేస్తారు. చూసేవారికి అది గొల్లభామ. మగ్గానికి అది పోగుల లెక్క. కంప్యూటరులోని అక్షరమూ అటువంటిదే. ఏ అంకెకు ఏ అక్షరమో ముందుగా ఒక ఒప్పందం ఉండాలి. ఆ అంకె ఎదురైనప్పుడు తెరపై ఏ ఆకృతి గీయాలో చెప్పేది ఫాంటు.

అమెరికాలో 1963లో వెలువడిన ఆస్కీ అనే ఒప్పందంలో 128 స్థానాలు మాత్రమే ఉన్నాయి. ఆంగ్ల లిపికి అవి చాలు. అందులో 'ఎ' అనే పెద్ద అక్షరానికి 65 అనే సంఖ్యను కేటాయించారు. తరువాత ఈ స్థానాలు 256కు పెరిగినా, గుణింతాలు, ద్విత్వ సంయుక్తాక్షరాలు గల తెలుగుకు ఆ ఏర్పాటులో చోటు లేదు. అందుచేత తొలినాటి తెలుగు ఫాంట్ల రూపకర్తలు ఒక ఉపాయం పన్నారు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన సంఖ్యల చోటనే తలకట్లు, కొమ్ములు, వత్తులు, అక్షర భాగాలు అమర్చారు. యంత్రం లోపల ఉన్నది ఆంగ్ల సంఖ్యే అయినా, తెలుగు ఫాంటు తొడుగు వల్ల అది తెలుగుగా కనబడేది. అచ్చుపనికి ఈ ఉపాయం చక్కగా ఉపకరించింది. పత్రికలు, పుస్తకాలు చాలాకాలం ఈ పద్ధతిలోనే వెలువడ్డాయి.

అయితే ఈ అమరికలో ఏకరూపత లేదు. ఒక ఫాంటులో 65 స్థానంలో తలకట్టు ఉంటే, మరొక ఫాంటులో అదే స్థానంలో వేరొక వత్తు ఉండవచ్చు. కనుక ఒక చోట టైపు చేసిన తెలుగు మరొక చోట చదవాలంటే అదే ఫాంటు అక్కడా ఉండి తీరాలి. లేనినాడు తొడుగు తొలగిపోయి లోపలి ఆంగ్ల అక్షరాలు బయటపడతాయి. విశ్రాంత పండితుని శతకానికి జరిగింది ఇదే. పద్యాలు పోలేదు, వాటికి తొడిగిన ఫాంటు మాత్రమే ఆ యంత్రంలో లేదు.

ఏకరూపతకు జరిగిన కృషి

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నాలు పలు దిక్కుల జరిగాయి. భారతీయ లిపులను కంప్యూటరుకు ఎక్కించే 'జిస్ట్' పరిజ్ఞానానికి కాన్పూరులోని ఐ.ఐ.టి.లో పునాది పడింది. పుణెలోని సి-డాక్ సంస్థ దానిని అభివృద్ధి చేసింది. భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడిగా రూపొందించిన 'ఇస్కీ' అనే సంకేత పద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ప్రకటించింది.

సముద్రాల కావల ఉన్న తెలుగువారు మరొక దారి తొక్కారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ అనేవారు 1990ల తొలినాళ్లలో ఆంగ్ల అక్షరాలతో తెలుగును రాయడానికి ఒక లిప్యంతరీకరణ పద్ధతిని ఏర్పరచారు. అదే ఆర్.టి.ఎస్. పద్ధతిగా ప్రసిద్ధి పొందింది. ఆంగ్ల మీటలతో ఉచ్చారణానుసారంగా రాస్తే తెలుగు అక్షరాలు వెలువడటం దీని సౌలభ్యం. నేటికీ చాలామంది ఇళ్లలో తెలుగు టైపు చేసే తీరుకు మూలం ఇదే.

ఇదే కాలంలో ప్రపంచ లిపులన్నింటినీ ఒకే పట్టికలో చేర్చే మహాప్రయత్నం ఆరంభమైంది. దాని పేరు యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు లభించాయి. అక్షర క్రమానికి ఇస్కీ ఆధారమైంది. ఈ పట్టికలో 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. ఈ సంఖ్యలు మరే లిపికీ చెందవు. సిద్దిపేటలో రాసిన 'క' సింగపూరులోనైనా, షికాగోలోనైనా 'క'గానే ఉంటుంది. ఫాంటు మారితే అక్షరం అందం మారుతుందే కాని, అక్షరం మారదు.

అయినా యూనికోడ్ ఇళ్లకు చేరడానికి దశాబ్దం పట్టింది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి 'గౌతమి' అనే ఫాంటుతో తెలుగును ఆదరించింది. కాని ఆ సదుపాయం దానంతట అది పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల విభాగాన్ని తెరిచి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, మూల సి.డి.ని యంత్రంలో ఉంచి, పునఃప్రారంభించవలసి వచ్చేది. 2000ల దశకంలో తెలుగువారు ఒకరినొకరు ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే కావచ్చు. 2007లో వచ్చిన విస్టా నాటి నుంచి ఆ శ్రమ తప్పింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఉపకరణాన్ని రూపొందించినదీ ఆయనే. 'లేఖిని' వంటి సులభసాధనాలు ఆ దశకంలోనే అందుబాటులోకి వచ్చాయి.

లక్షణాన్ని బట్టి చికిత్స

తెలుగు సరిగా కనబడనప్పుడు కంగారు పడటం కంటే, ఏ రీతిలో చెడిందో గమనించడం మేలు. వైద్యుడు లక్షణాన్ని బట్టి వ్యాధిని నిర్ణయించినట్లే, తెరపై కనబడే రూపాన్ని బట్టి లోపాన్ని నిర్ణయించవచ్చు.

మొదటిది, అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనబడటం. పాఠం యూనికోడ్‌లోనే ఉన్నదనీ, దానిని గీయగల ఫాంటు మాత్రం లేదనీ దీని అర్థం. తెలుగు యూనికోడ్ ఫాంటు ఒకటి చేరిస్తే సరిపోతుంది. 2010లో ఆమోదం పొందిన రూపాయి గుర్తు పాత యంత్రాలలో డబ్బాగా కనబడటానికీ ఇదే కారణం.

రెండవది, ఆంగ్ల అక్షరాలు, విరామచిహ్నాలు కలగలిసి కనబడటం. ఇది పాత పద్ధతి ఫాంటుతో టైపు చేసిన పాఠం. ఏ ఫాంటు వాడారో తెలుసుకొని దానిని చేర్చాలి. లేదా ఆ ఫాంటుకు తగిన మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చాలి.

మూడవది, పైన చిన్న గీత గల ఆంగ్ల 'ఎ' అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు పదే పదే కనబడటం. యూనికోడ్‌ను ఫైలులో నిల్వచేసే యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడేసి బైట్లుగా నిలుస్తుంది. ఆ మూడింటినీ యంత్రం మూడు వేర్వేరు ఐరోపా అక్షరాలుగా భ్రమించినప్పుడు ఈ వింత జరుగుతుంది. ఫైలును తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ అనే చోట యు.టి.ఎఫ్-8ను ఎంచుకొంటే తెలుగు ప్రత్యక్షమవుతుంది.

నాలుగవది, వత్తులు విడిపోయి పక్కన పడటం. ఫాంటు ఉన్నా, అక్షరాలను కూర్చే అంతర్గత సాఫ్ట్‌వేర్ పాతదని దీనివల్ల తెలుస్తుంది. ఇక గుడులు, కొమ్ములు చుక్కల వలయం పక్కన నిలిస్తే అది టైపు చేసినవారి పొరపాటు. హల్లు లేకుండా గుణింతపు గుర్తు వేస్తే, ఆధారం లేదని సూచిస్తూ ఆ వలయం కనబడుతుంది.

కనబడే అక్షరం - కనబడని సంకేతం

'లక్ష్మి' అనే మాటలో చూసేవారికి ఉన్నవి రెండు అక్షరాలే. కాని కంప్యూటరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు వరుసగా ఉంటాయి. హల్లులను పొల్లు కలుపుతుంది. కలిసినవాటిని సంయుక్తాక్షరంగా గీసే బాధ్యత ఫాంటుది. తుడిచే మీటను ఒకసారి నొక్కితే 'క్ష్మి' మొత్తం పోక, గుడి మాత్రమే పోయి 'లక్ష్మ' మిగలడానికి కారణమిదే. యంత్రం తప్పు చేయలేదు. చివరి సంకేతాన్ని మాత్రమే తుడిచింది. వ్యాకరణంలో సంయుక్తాక్షర స్వరూపాన్ని నేర్చుకొన్న విద్యార్థికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు.

ఇక్కడే మరొక సందేహం పుడుతుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాయబోతే 'సాఫ్ట్వేర్' అని వకారం వత్తుగా మారి కిందికి చేరుతుంది. పొల్లు తరువాత హల్లు వస్తే కలపడమే నియమం కనుక యంత్రం కలిపివేసింది. కలపవద్దని చెప్పడానికి యూనికోడ్‌లో కంటికి కనబడని ఒక విభాజక సంకేతం ఉన్నది. పొల్లు తరువాత దానిని చేరిస్తే అక్షరాలు విడిగా నిలుస్తాయి. అన్యదేశ్యాలను తెలుగులో రాసేటప్పుడు ఈ సంకేతం అత్యంతావశ్యకం.

కనబడని ఈ చిన్న సంకేతం 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్తలకెక్కింది. జకార ఞకారాల సంయుక్తానికీ, దీర్ఘానికీ నడుమ ఈ విభాజక సంకేతం పడిన ఒక తెలుగు అక్షరం సందేశంలో వస్తే చాలు, ఆపిల్ సంస్థ ఐఫోన్లలోని కొన్ని అప్లికేషన్లు స్తంభించిపోయాయి. తెలుగు రానివారి ఫోన్లు కూడా ఒక తెలుగు అక్షరం వల్ల ఆగిపోయాయి. ఆ నెల 19న ఆ సంస్థ సవరించిన సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. దోషం అక్షరంలో లేదు. దానిని గీయవలసిన సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది. ఒక భాషను తెరపై చూపడం ఎంత సూక్ష్మమైన పనియో ఈ ఉదంతం చాటిచెప్పింది.

మీటల అభ్యాసం

తెలుగు టైపు చేయడానికి ఇళ్లలో ప్రధానంగా రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఆంగ్ల అక్షరాలతో ఉచ్చారణను రాయడం మొదటిది. దీనిని ఒక్క గంటలో నేర్చుకోవచ్చు. కాని తెలుగు మాటను మనసులో ఆంగ్లలిపిలోకి మార్చుకొని, మళ్లీ తెలుగులో చూసుకోవలసి వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ రెండవది. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన మీటల అమరిక ఇది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమవైపున, హల్లులు చాలావరకు కుడివైపున ఉంటాయి. అమరిక భారతీయ లిపులన్నింటికీ ఒకటే. తెలుగులో 'క' వచ్చే మీటే హిందీలోనూ కకారాన్ని ఇస్తుంది. మొదటి రెండు వారాలు శ్రమ అనిపించినా, చేయి తిరిగిన తరువాత ఆలోచన తెలుగులోనే సాగుతుంది. ఎక్కువగా రాయదలచినవారికి ఇది శ్రేయస్కరం. మాటను విని అక్షరంగా మార్చే సదుపాయాలు కూడా నేడు ఉన్నాయి. అవి మాటలను పొరబడటం కద్దు కనుక, రాసినదానిని ఒకసారి చదివి చూసుకోవడం అవసరం.

భద్రపరచడం - తొలగించడం

ఇంటి కంప్యూటరు వాడేవారి దుఃఖాలలో పెద్దది, రాసినది పోవడం. టైపు చేస్తున్నంతసేపు పాఠం ర్యామ్ అనే తాత్కాలిక స్మృతిలో ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. భద్రపరచిన తరువాతనే డిస్కులో స్థిరపడుతుంది. కనుక ఒక్కొక్క పేరా ముగిసినప్పుడల్లా కంట్రోల్ మీటతో 'ఎస్' మీటను కలిపి నొక్కడం అలవాటు కావాలి. పొరపాటున తుడిచినదానిని కంట్రోల్, 'జెడ్' మీటలతో వెనుకకు తెచ్చుకోవచ్చు.

తొలగించిన ఫైలు మొదట రీసైకిల్ బిన్ అనే బుట్టలో చేరుతుంది. దానిని ఖాళీ చేసిన తరువాత కూడా ఫైలు వెంటనే నశించదు. గ్రంథాలయంలో పుస్తకం అరలోనే ఉండగా సూచిక చీటీ మాత్రం చించివేసినట్లు, యంత్రం ఆ ఫైలు చిరునామాను మాత్రమే చెరిపివేస్తుంది. ఆ చోట మరొక ఫైలు చేరినప్పుడే అసలు పాఠం నశిస్తుంది. అందుచేత ముఖ్యమైన ఫైలు పొరపాటున పోయినప్పుడు, ఆ యంత్రంలో కొత్తవేవీ చేర్చక, వాడకం ఆపి, పునరుద్ధరణ సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాలి. అయితే కొత్త తరహా ఎస్.ఎస్.డి.లు తొలగించిన భాగాన్ని త్వరలోనే శుభ్రం చేసుకొంటాయి కనుక, వాటి విషయంలో ఈ ఆశ తక్కువ.

అన్నింటికన్న క్షేమకరమైనది ఒకటికి మించిన ప్రతులు ఉంచుకోవడం. ఈ సత్యం కంప్యూటరు నేర్పినది కాదు. బమ్మెర పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమయ్యాయనీ, వాటిని గంగన, సింగన, నారయ అనేవారు పూరించారనీ సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. శిథిలమైన భాగానికి మరొక ప్రతి మరొక ఊరిలో ఉండి ఉంటే ఆ లోటు కలిగేది కాదు. పంతొమ్మిదో శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పలుచోట్ల నుంచి తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. ఒకే కావ్యానికి పలు ప్రతులు ఉండటం వల్లనే ఆ పని సాధ్యమైంది. నేటి నిపుణులు చెప్పే నియమం కూడా అదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి ఇంటికి వెలుపల. కంప్యూటరులో ఒకటి, విడి హార్డ్‌డిస్కులో ఒకటి, అంతర్జాల నిల్వలోనో బంధువుల ఇంటిలోనో ఒకటి ఉంటే, ఒక యంత్రం చెడిపోయినా గ్రంథం నిలుస్తుంది. సి.డి., పెన్‌డ్రైవు శాశ్వతాలు కావు, వాటినే నమ్ముకోరాదు.

క్షేమం - జాగ్రత్త

"కంప్యూటరు ఎందుకు నెమ్మదించింది?" అనేది మరొక నిత్యప్రశ్న. యంత్రం తెరిచిన వెంటనే అనవసరమైన ప్రోగ్రాములు అనేకం తమంతట తామే ఆరంభం కావడం, డిస్కు నిండిపోవడం, రెండు వైరస్ నిరోధకాలు ఒకేసారి పనిచేస్తూ ఒకదానికొకటి అడ్డుపడటం ఇందుకు సాధారణ కారణాలు. వాడని ప్రోగ్రాములను తొలగించి, యంత్రాన్ని పునఃప్రారంభిస్తే చాలావరకు చక్కబడుతుంది.

సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించుకోవడాన్ని చాలామంది విసుగుగా భావిస్తారు. 2017 మే 12న విజృంభించిన 'వానాక్రై' అనే హానికర ప్రోగ్రాము దాదాపు 150 దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి సొమ్ము అడిగింది. అది ప్రవేశించిన లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణను అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. నవీకరించుకొన్నవారి యంత్రాలు ఆ దారిన సోకకుండా నిలిచాయి. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను సాధారణ సవరణలు ముగిశాయి. అటువంటి పాత యంత్రాలతో అంతర్జాలంలో బ్యాంకు లావాదేవీలు జరపడం క్షేమం కాదు.

దొంగప్రతులుగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉచితమనిపించినా, దానితో హానికర ప్రోగ్రాములు చేరే ప్రమాదం ఉన్నది. కంప్యూటరు ప్రోగ్రాములకు కాపీరైటు చట్టం రక్షణ ఉన్నది కనుక అది నేరం కూడా. ధర్మబద్ధంగా ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉండగా ఆ దారి తొక్కవలసిన అవసరం లేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్, కార్యాలయ పనులకు ఉపకరించే లిబ్రె ఆఫీస్ ఇటువంటివే. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న 'స్వేచ్ఛ' సంస్థ ఈ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే కృషి చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర సంస్థల చొరవతో 2010 తరువాతి సంవత్సరాలలో వెలువడిన యూనికోడ్ ఫాంట్లు కూడా ఉచితంగా లభిస్తాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సురవరం అని వాటిలో కొన్నింటి పేర్లు. ప్రబంధకవులు, గోలకొండ పత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి ఆ విధంగా ఇంటి కంప్యూటరులోకి అడుగుపెట్టారు.

చివరగా ఒక హెచ్చరిక. "మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది, సరిచేస్తాం" అని అపరిచితులు ఫోను చేసి, ఏదో ఒక ప్రోగ్రామును చేర్చమంటే చేర్చరాదు. దాని ద్వారా వారు యంత్రాన్ని తమ వశం చేసుకొంటారు. పాస్‌వర్డు, ఓ.టి.పి. ఎవరికీ చెప్పరాదు. సొమ్ము పోయిందని గ్రహించిన మరుక్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యం జరిగినకొద్దీ సొమ్ము చేతులు మారి, తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.

ముగింపు

విశ్రాంత పండితుని ఇంట మనుమరాలు ఆ ఫైలులో వాడిన ఫాంటు పేరును కనుగొన్నది. మార్పిడి సాధనంతో పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. తెలుగు కనబడింది కాని, కొన్ని వత్తులు తారుమారయ్యాయి. కొన్ని అక్షరాలు జారిపోయాయి. అక్కడ యంత్రం చేయగల పని ముగిసి, పండితుడు చేయగల పని మొదలైంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలుండాలి. 19 ఉంటే ఒకటి జారిందన్న మాట. రెండవ అక్షరం చూస్తే ప్రాస తెలుస్తుంది. పదవ అక్షరం చూస్తే యతి తెలుస్తుంది. తాత చదువుతుంటే మనుమరాలు దిద్దింది. ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోలేని తప్పులను ఛందస్సు పట్టించింది. 108 పద్యాలూ శుద్ధరూపం పొందిన తరువాత ఆమె మూడు ప్రతులు చేసి, ఒకటి కాగితంపై అచ్చుతీసి తాత చేతిలో పెట్టింది.

తాటాకు నుంచి కాగితానికి మారేటప్పుడు ప్రతిని ఎత్తిరాసేవారు లేని గ్రంథాలు కాలగర్భంలో కలిసిపోయాయి. నేడు పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మారే దశలోనూ అదే ప్రమాదం ఉన్నది. గత శతాబ్ది చివరి దశకం నుంచి డి.టి.పి. కేంద్రాలలో టైపు చేసిన కవితలు, గ్రామచరిత్రలు, కుటుంబ వృత్తాంతాలు ఎన్నో సి.డి.లలో, పాత డిస్కులలో మూగగా పడి ఉన్నాయి. వాటిని చదివించగల విద్య యువతరం చేతిలో ఉన్నది. వాటిని సరిదిద్దగల విద్య పెద్దతరం వద్ద ఉన్నది. ఆ రెండూ కలిసి పనిచేయగల కాలం పరిమితమైనది. ఇంట్లో అటువంటి ఫైలు ఒక్కటి ఉన్నా, దానిని తెరిచి చూడటం నేటి విద్యార్థుల కర్తవ్యం.

పదాలు - అర్థాలు

గంటం: తాటాకుపై రాసే ఇనుప సాధనం
లిప్యంతరీకరణ: ఒక భాషను మరొక లిపిలో రాయడం
విభాజకం: విడదీసేది
పొల్లు: హల్లులో అచ్చు లేదని తెలిపే గుర్తు
అన్యదేశ్యం: ఇతర భాషల నుంచి వచ్చిన మాట
శుద్ధప్రతి: తప్పులు లేకుండా సిద్ధం చేసిన ప్రతి
నవీకరణ: కొత్త సవరణలు చేర్చడం
ఉదంతం: సంఘటన, వృత్తాంతం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పాత తెలుగు ఫాంట్లకు, యూనికోడ్‌కు గల భేదాన్ని వివరించండి.
2. రాసినదానిని కంప్యూటరులో భద్రపరచుకొనే పద్ధతులను సాహిత్య చరిత్రలోని ఉదాహరణలతో చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. తెరపై తెలుగు సరిగా కనబడని సందర్భాలను, పరిష్కారాలను తెలపండి.
2. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఉదంతం ఏమి తెలియజేస్తున్నది?
3. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ప్రత్యేకతలను పేర్కొనండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'లక్ష్మి' అనే మాటలో ఎన్ని సంకేతాలున్నాయి?
2. తెలుగు వికీపీడియా ఎప్పుడు ఆరంభమైంది?
3. సైబర్ మోసం జరిగినప్పుడు ఏ నంబరుకు ఫోను చేయాలి?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఇంటిలోనో, మీ వాడలోనో పాత ఫాంటుతో టైపు చేసిన తెలుగు ఫైలును ఒకదానిని సేకరించి, యూనికోడ్‌లోకి మార్చండి. రచయిత లేదా కుటుంబ పెద్దల సహాయంతో తప్పులు దిద్ది, ఏ ఏ అక్షరాలు ఎక్కువగా తారుమారయ్యాయో పట్టిక రాయండి.